అల్లికకో దీపం

సఖినేటిపల్లి,
12 జూన్ 1988.

ప్రభువునందు ప్రియులైన శ్రీవారికి,

మీ భార్య సలోమి వందనములతో వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరు బొంబాయి తిరిగి వెళ్ళి రెండు నెలలైంది. వానలు పట్టాయి. గోదావరి రంగు మారింది. లేసు ఇవ్వడానికి పంటెక్కి ఏరు దాటి నరసాపురం వెళ్ళినవాళ్ళు తడిసి ముద్దై తిరిగి వస్తున్నారు. నేను కూడా మళ్ళీ లేసు అల్లుతున్నాను. అత్తయ్య గారు వద్దనలేదు.

మిమ్మల్ని ఒక మాట అడగాలని ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టి, “మీ ఆయన బొంబాయిలో ఏం చేస్తారమ్మా?” అని అడుగుతున్నారు. లెక్కలు చేస్తారండీ అంటాను. “ఎవరి లెక్కలు?” అంటారు. చెంగు సర్దుకుని ఇంటికి వచ్చేస్తాను. మీ చెల్లెలు అమ్మాజీ ఊరుకోదు కదా. “వదినా, అన్నయ్య లెక్కలు ఇంకా అవ్వలేదా? మాకైతే పరీక్షలో మూడు గంటలే ఇస్తారు” అంటోంది.

పెళ్ళైన కొత్తలో మీరు కిటికీ దగ్గర కూర్చుని కాగితం కేసి చూస్తూ ఉండేవారు. అందులో ఏమీ రాసి ఉండేది కాదు. నేను కాఫీ పెట్టి వెళ్ళి మళ్ళీ వచ్చేసరికి అది అలాగే చల్లారి ఉండేది. అప్పుడు అడగడానికి సిగ్గు వేసింది. కాగితం మీద అడగగలుగుతున్నాను. ఖాళీ కాగితంలో అంతసేపు ఏం చూస్తారు? నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. అర్థం కాకపోతే కాకపోయింది, చెప్పండి.

మీ రాక కొరకు వేయి కన్నులతో ఎదురుచూచుచున్న,
మీ భార్య,
సలోమి.

బొంబాయి,
21 జూన్ 1988.

ప్రియమైన సలోమికి,

నీ ఉత్తరం అందింది. మన ఇంట్లో ఉత్తరాలు సాయంకాల ప్రార్థన అయ్యాక నాన్నగారు అరుగు మీద కూర్చుని అందరికీ వినిపించేలా చదువుతారు. ఈ ఉత్తరమూ అలాగే చదువుతారని నాకు తెలుసు. అందుకని భార్యకు రాయవలసినవేవీ ఇందులో ఉండవు. లెక్కలే ఉంటాయి. నాన్నగారూ, మధ్యలో ఆపకుండా చదవండి.

సలోమీ, రెండే అంకెలున్న లోకం ఒకటి ఊహించు. సున్నా, ఒకటి. సరి, బేసి అనుకో. బేసీ బేసీ కలిస్తే సరి అవుతుంది. కాబట్టి ఆ లోకంలో ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా. ఇప్పుడు నీ లేసు తీసుకో. అందులో గడులుంటాయి. కొన్ని ఖాళీవి, కొన్ని దారంతో నిండినవి. మూడు గడుల వరుస ఒకటి అనుకుంటే, దాన్ని ఎనిమిది రకాలుగా అల్లవచ్చు. ఒక అల్లిక మీద ఇంకో అల్లిక వేసి కలపాలి. రెండిటిలోనూ నిండిన గడి ఖాళీ అయిపోతుంది. అదే కూడిక.

ఒక గడి వరుస, రెండు గడుల వరుస, వంద గడుల వరుస, ఇలా అంతు లేకుండా వరుసలున్నాయి. ఒక వరుసలోని అల్లికల్ని ఇంకో వరుసలోని అల్లికలుగా మార్చే పద్ధతులున్నాయి. షరతు ఒకటే. కలిపి మార్చినా, మార్చి కలిపినా ఒకటే రావాలి. ఈ వరుసలూ, వాటి మధ్య మార్పులూ అన్నీ కలిపి ఒక వర్గం అంటాం.

నా పని ఇది. ప్రతి వరుసకీ ఒక ఇల్లు కట్టాలి. ప్రతి మార్పుకీ ఆ ఇళ్ళ మధ్య ఒక దారి వేయాలి. ఒక మార్పు తరువాత ఇంకో మార్పు చేస్తే, దారులు కూడా అలాగే ఒకదాని వెంట ఒకటి రావాలి. ఈ ఏర్పాటుని ప్రాతినిధ్యం అంటారు. ఒకటి చెప్తాను. ప్రతి అల్లికకీ ఒక దీపం పెట్టు. మూడు గడుల వరుసకి ఎనిమిది దీపాలు. ఏవి వెలిగించుకుంటావో నీ ఇష్టం. అల్లిక మారినప్పుడు దాని దీపం కూడా కొత్త చోటికి వెళుతుంది. రెండు దీపాలు ఒకే చోటికి వస్తే, ఒకటీ ఒకటీ సున్నా గనక, రెండూ ఆరిపోతాయి.

ఖాళీ కాగితంలో నాకు కనబడేది ఈ దీపాలే.

అమ్మకి, అమ్మాజీకి నా ప్రేమ.

వరప్రసాదం.

సఖినేటిపల్లి,
4 జూలై 1988.

ప్రభువునందు ప్రియులైన శ్రీవారికి,

మీ భార్య సలోమి వందనములతో వ్రాయునది. అందరం క్షేమం. మీ ఉత్తరం మామయ్య గారు మధ్యలో ఆపకుండా చదివారు. చదవడం అయ్యాక మాత్రం కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. అత్తయ్య గారు, “ఒంట్లో బాగానే ఉందంటాడా?” అని అడిగారు. ప్రాతినిధ్యం అంటే ఎమ్మెల్యే పని కదా అని అమ్మాజీ నవ్వింది.

నేను నవ్వలేదు. మర్నాడు పని అయ్యాక పెరటి అరుగు మీద ముగ్గుపిండితో గీతలు గీసి, దీపాలకు బదులు చింతపిక్కలు పెట్టాను. రెండు గడుల వరుసని తీసుకుని, రెండో గడి లేదనుకుని ఒక గడి వరుసగా మార్చాను. పిక్కలు జరిపాను. ఒకే చోటికి వచ్చిన జంటల్ని తీసేశాను. తరువాత పెద్ద వరుసలోంచి చిన్నదానిలోకి, చిన్నదానిలోంచి పెద్దదానిలోకి ఎన్నో రకాలుగా మార్చి చూశాను. నాకు ఒకటి కనబడింది. మొదట్లో జంటలుగా సరిపోయినన్ని పిక్కలు పెడితే, ఎటు తిప్పినా చివరికి జంటలుగానే మిగులుతాయి, లేదా ఏమీ మిగలవు. ఒంటరిది ఎప్పుడూ మిగల్లేదు. ఆరిపోవడం కూడా జంటగానే కదా, అందుకనేనా? అంతు లేని వరుసలన్నిటిలోనూ ఇది ఇలాగే ఉంటుందా? ఈ మాట అనుకోగానే నా చేతులు ఆగిపోయాయి. నేను ఎప్పటికీ గీయలేని వరుసలో ఏమి జరుగుతుందో నాకు తెలిసిపోయిందన్నమాట. అంత పెద్ద సంగతి పెరటి అరుగు మీద కూర్చున్న నాకెలా తెలిసిందని భయం వేసింది. సంతోషమూ వేసింది.

మామయ్య గారు రాయమన్న సంగతి. అమలాపురంలో ఒక కాలేజీలో లెక్కల లెక్చరరు ఉద్యోగం ఖాళీ అయిందట. సెప్టెంబరు నెలలో చేరాలట. మీరు ఊ అంటే దరఖాస్తు ఆయనే పట్టుకు వెళతారట. అయితే బొంబాయిలో పరిశోధన మధ్యలో మానేయవలసి వస్తుందట.

దినదినము మీ రాక కొరకు కన్నీటితో ప్రార్థించుచున్న,
మీ భార్య,
సలోమి.

బొంబాయి,
13 జూలై 1988.

ప్రియమైన సలోమికి,

నీ చింతపిక్కల సంగతి చదివి కుర్చీలోంచి లేచాను. నువ్వు చూసింది నిజమే, అన్ని వరుసల్లోనూ నిజమే. మాకది ముందే తెలుసు. నీకు ఎవరూ చెప్పలేదు కదా, అందుకే లేచాను. జంటలుగా వెలిగే దీపాలన్నీ కలిసి పెద్ద ఇంట్లో లోపలి గది లాంటివి. ఏ దారిన వెళ్ళినా ఆ గదిలోంచి బయట పడలేం.

ఆ గది మొత్తం ఒక్క విత్తనం నుంచి మొలుస్తుంది. చూడు. ఒక గడి వరుసలో రెండే అల్లికలు, ఖాళీ గడి, నిండు గడి. రెండు దీపాలూ వెలిగించు. అదే విత్తనం. దాన్ని ఏ పెద్ద వరుసలోకైనా మార్చు. ఖాళీది ఎప్పుడూ ఖాళీ అల్లికకే వెళుతుంది. నిండుది నువ్వు పంపిన చోటికి వెళుతుంది. ఇలాంటి రెండు వెలుగుల్ని కలిపితే ఖాళీ దగ్గరి దీపాలు రెండూ ఆరిపోయి, నీకు కావలసిన ఏ రెండు చోట్లనైనా దీపాలు మిగులుతాయి. ఆ జంటలతో మిగతావన్నీ కట్టుకోవచ్చు. అంతు లేనిదంతా ఒక చిన్న గడిలో ఉంది.

ఇప్పుడు నా ప్రశ్న విను. ఒక్కో అల్లికకి కాకుండా, రెండేసి అల్లికల జతకి ఒక్కో దీపం పెడితే? ఆ ఇళ్ళల్లో లోపలి గదులు లెక్కలేనన్ని. నువ్వు ఏ గది చూపించినా అది కొద్దిపాటి విత్తనాల నుంచే మొలిచిందని చెప్పగలమా? లేక ఎన్ని విత్తనాలు చల్లినా ఇంకా కొత్తది కావలసి వచ్చే గది ఎక్కడో ఉందా? అలాంటిది ఉండదనే మేమంతా అనుకుంటున్నాం. ఎవరూ నిరూపించలేదు. ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

అమలాపురం సంగతి ఆలోచిస్తాను. ఇక్కడ పెళ్ళైన వాళ్ళకి ఇచ్చే గదులున్నాయి. సెప్టెంబరులో ఒకటి ఖాళీ అవుతుంది. అడగనా వద్దా అన్నది తోచడం లేదు. ఇక్కడ భాష వేరు, తిండి వేరు. నీ మాట ఏమిటో రాయి. నువ్వు ఏది అంటే అది చేస్తాను.

వరప్రసాదం.

సఖినేటిపల్లి,
25 జూలై 1988.

ప్రభువునందు ప్రియులైన శ్రీవారికి,

మీ భార్య సలోమి వందనములతో వ్రాయునది. అందరం క్షేమం. అత్తయ్య గారి మోకాళ్ళ నొప్పి తగ్గింది.

ప్రపంచంలో ఎవరికీ తెలియదు అని మామయ్య గారు చదివినప్పుడు అమ్మాజీ కూడా పుస్తకంలోంచి తలెత్తింది. అత్తయ్య గారు, “దేవుడికి కూడా తెలీదా ఏంటండీ?” అన్నారు. మామయ్య గారు, “ఆయనకి తెలుసు మార్తమ్మా. మనవాడు ఆయన్నే అడుగుతున్నాడు” అన్నారు. “అడిగితే చెప్తారా?” అంటే, “ఆయ్, తీరిక చూసుకుని చెప్తారు” అన్నారు.

నేను ఇన్నాళ్ళూ తెలియకపోవడమంటే నాకు తెలియకపోవడమే అనుకున్నాను. నాకు తెలియనిది మామయ్య గారికి తెలుసు, ఆయనకి తెలియనిది మీకు తెలుసు, మీకు తెలియనిది ఇంకా పెద్ద చదువులవాళ్ళకి తెలుసు, ఇలా పైకి మెట్లున్నాయి అనుకున్నాను. మెట్ల చివర ఎవరూ లేని చోటు ఉంటుందనీ, అక్కడికి మా ఇంటి మనిషి వెళ్ళి కూర్చుంటాడనీ ఎప్పుడూ అనుకోలేదు. వాన పడుతున్నా పట్టించుకోకుండా పొద్దున్నంతా అదే తలుచుకున్నాను. కూర అడుగంటింది.

మీరు అడిగినదానికి, భర్త నిర్ణయమే భార్య నిర్ణయము గనుక మీకు ఏది మంచిదని తోచునో అది చేయగలరు.

మీరు లేని ఈ గృహము శూన్యమని తలచుచు, మీ రాక కొరకు నిరీక్షించుచున్న,
మీ భార్య,
సలోమి.

బొంబాయి,
3 ఆగస్టు 1988.

ప్రియమైన సలోమికి,

నీ మూడు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటి దాని చివర ఎదురుచూపు, రెండో దాని చివర కన్నీళ్ళు, మూడో దాని చివర శూన్యం. మధ్యలో నువ్వు దీపాల గురించి ఎంతో ఓపికగా రాశావు. నా మనసు నొప్పించకూడదని రాశావని ఇప్పుడు తెలుస్తోంది. అసలు మాట చివర దాచుకున్నావు. బొంబాయి గది గురించి అడిగితే నాకే వదిలేశావు. రావాలని ఉంటే అలా రాయవు కదా. నేను మొద్దువాణ్ణి, ఆలస్యంగా తెలుసుకున్నాను.

సంస్థలో చెప్పేశాను. ఈ నెలాఖరుకి వచ్చేస్తాను. మానేస్తానన్న కాగితం మా ప్రొఫెసరు గారు వెంటనే తీసుకోలేదు, ఇరవయ్యో తేదీ దాకా ఆలోచించుకోమన్నారు. ఆలోచించడానికేముంది? నాన్నగారూ, దరఖాస్తు పంపండి.

దీపాల గురించి ఇక రాయను.

వరప్రసాదం.

నగరం,
11 ఆగస్టు 1988.

మీకు,

ఈ ఉత్తరం మా ఊరు నగరం నుంచి, మా పుట్టింట్లో కూర్చుని రాస్తున్నాను. మా అన్నయ్య సాలమోను కొడుకుకి బాప్తిస్మం అని వచ్చాను. ఇది ఎవరూ చదవలేదు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ముందు అసలు మాట. మీరు రావద్దు. కాగితం ఇవ్వద్దు. ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి.

ఇక ఎందుకో చెప్తాను. మీరు వెళ్ళాక మొదటి ఉత్తరం రాసినప్పుడు మామయ్య గారు తెమ్మన్నారు. ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, శుభ్రంగా తిరగరాయమన్నారు. అప్పటి నుంచీ ప్రతి ఉత్తరమూ అలాగే. పైన వందనములు, కింద ఎదురుచూపు ఉండాలన్నారు. “భార్య ఉత్తరానికి అది పద్ధతమ్మా. అది లేకపోతే తలుపు వెయ్యని ఇల్లులాగ ఉంటుంది” అన్నారు. బళ్ళో పలక మీద పైన తేదీ వేసినట్టే నేనూ రాశాను. ప్రతిసారీ కొత్త వాక్యం చెప్పేవారు. కన్నీటితో అన్నది, శూన్యమన్నది ఆయన చెప్పినవే. బొంబాయి గది గురించి నేను ఒక పేజీ రాశాను. అది కొట్టేసి, మొగవాళ్ళు తేల్చుకునే విషయంలో ఆడది మాట చెప్పకూడదన్నారు. బదులుగా భర్త నిర్ణయమే భార్య నిర్ణయమన్న ఆ ఒక్క వాక్యం రాయించారు. ఆయన మోసం చేయలేదు. మేష్టారుగా ఎన్నో ఏళ్ళు బడిపిల్లల ఉత్తరాలు దిద్దారు, నాదీ దిద్దారు. ఆ మాటలు మీరు నిజంగా చదువుతారని నాకూ తట్టలేదు.

మీ ఉత్తరం చదివినప్పుడు అందరూ సంతోషించారు. అత్తయ్య గారు పాయసం చేశారు. నేను ఏడిస్తే సంతోషంతో అనుకున్నారు.

ఆ పేజీలో ఏముందో చెప్తాను. గది అడగండి అని ఉంది. భాష రాకపోతే నేర్చుకుంటాను అని ఉంది. మీరు కనబడటం లేదని నాకు బెంగ లేదని కాదు. ఉంది. కానీ మీరు ఆ ప్రశ్నని వదిలి నా దగ్గరికి వస్తే, నా వల్ల ఒకటి ఆరిపోయిందని నేను రోజూ తలుచుకోవాలి. దీపాల గురించి మీ కోసం రాయలేదు. నా కోసం రాశాను. నాకు ఇంతకు ముందు ఎప్పుడూ అలా ఒళ్ళు జలదరించలేదు, ఆరాధన వేళ గుడిలో కూడా. జవాబు దొరకాలని కూడా నేను అడగటం లేదు. అది ఉన్న చోటికి దగ్గరగా ఉండాలని ఉంది.

పోస్టాఫీసుకి నేనే వెళుతున్నాను.

సలోమి.

బొంబాయి,
17 ఆగస్టు 1988.
(నగరం చిరునామాకి)

నా సలోమీ,

ఇది ఎవరూ పైకి చదవరు గనక ఇలా పిలిచాను.

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం అందింది. తిన్నగా ప్రొఫెసరు గారి దగ్గరికి వెళ్ళాను. నా మొహం చూసి, ఏమీ అడక్కుండా మొన్న మళ్ళీ ఇచ్చిన నా కాగితం సొరుగులోంచి తీసి ఇచ్చేశారు. గది కూడా అడిగాను. ఇస్తారు. చిన్నది. కిటికీలోంచి సముద్రం సగం కనబడుతుంది, మిగతా సగం నీళ్ళ ట్యాంకు.

ఆ వాక్యాలు నాన్నగారివని నాకు తట్టనే లేదు. నాకు రాసినప్పుడల్లా ఆయన క్షేమం, వాన, కొబ్బరి ధర, ఇంతే. ఇప్పుడు నీ ఉత్తరాలు మళ్ళీ తీసి చివరి వాక్యాలు మాత్రం చదివాను. సలోమీ, అవి ఒట్టి పద్ధతి కోసమే రాయించారంటావా? కన్నీళ్ళ దగ్గర ఆయన చేతిరాత లేదు గానీ, ఆయన గొంతు ఉంది. నాకు ఒక్కసారి కూడా రా అనలేదు ఆయన. నీ పేరు మీద మూడుసార్లు అన్నారు.

అందుకే ఆయనకి రాయడానికి నా కలం కదలడం లేదు. దరఖాస్తు ఇచ్చేసి ఉంటారు. నాకు ధైర్యం చాలదు. నువ్వు చెప్పగలవా?

నీ ప్రసాదు.

సఖినేటిపల్లి,
27 ఆగస్టు 1988.

మీకు,

చెప్పాను.

నగరం నుంచి వచ్చిన సాయంత్రం మామయ్య గారు అరుగు మీద ఒక్కరే ఉన్నారు. అత్తయ్య గారు, అమ్మాజీ ప్రార్థన కూటానికి వెళ్ళారు. నేను స్తంభం చాటున నిలబడి, “మామయ్య గారూ, ఆయన రావటం లేదండీ. నేనే రావద్దన్నానండీ” అన్నాను. అంత పెద్ద మాట ఆయన ఎదుట నేను ఎప్పుడూ అనలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “దరఖాస్తు ఇచ్చేసేనే అమ్మా. వాళ్ళు వస్తాడా అంటే ఆయ్, తప్పకుండా అన్నాను కూడాను” అన్నారు. కొంతసేపటికి, “నేను దిద్దింది తప్పయ్యిందా?” అని అడిగారు. “తప్పు కాదండీ. అవి మీ మాటలేమోనని ఆయనకి అనిపించిందండీ” అన్నాను. ఆయన గోదావరి వైపు తల తిప్పుకున్నారు.

తరువాత, “ఆ ప్రశ్న ఏంటో మళ్ళీ చెప్పు. ఉత్తరం చదివినప్పుడు గబగబా చదివేసేను” అన్నారు. స్తంభం చాటు నుంచి రాక తప్పలేదు. నేల మీద గీసి చెప్పాను. ఒక్క అల్లిక దీపాలు చెప్పాను, జంట చెప్పాను, విత్తనం చెప్పాను. అప్పుడు రెండేసి అల్లికల దీపాలు మొదలుపెట్టాను. గీయడానికి చోటు చాలలేదు. ఆయన కిందికి దిగి నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. “ఇక్కణ్ణించి?” అన్నారు. “ఇక్కణ్ణించి ఎవరికీ తెలీదండీ” అన్నాను. “మనవాడికి కూడానా?” “ఆయనకి కూడానండీ.” “దొరక్కపోతేనో?” “దొరక్కపోయినా ఉంటుందండీ అది” అన్నాను. అలా ఎందుకన్నానో నాకు తెలియదు.

ఆయన గీతల కేసి చూస్తూ, “అమ్మా సలోమీ, ఉద్యోగం అంతా పిల్లలకి లెక్కలు చెప్పేను. పుస్తకం వెనకాల జవాబు లేని లెక్క ఒక్కటీ చెప్పలేదు” అన్నారు. లెక్కల గురించి మాట్లాడినట్టు లేదు ఆయన గొంతు. కూటం నుంచి వచ్చిన అత్తయ్య గారు మమ్మల్నిద్దర్నీ నేల మీద చూసి, “ఏం పడిపోయిందండీ? ఏం వెతుకుతున్నారు?” అన్నారు. “ఉండు మార్తమ్మా, తొక్కకు” అన్నారు ఆయన.

మర్నాడు అమలాపురం వెళ్ళి దరఖాస్తు వెనక్కి తెచ్చేశారు. ఏం చెప్పారో మాకు చెప్పలేదు.

నన్ను ఆయనే దిగబెడతారట. అమ్మాజీ తోడు వస్తానంటే, నీకు పరీక్షలున్నాయి అన్నారు. ఆదివారం, సెప్టెంబరు నాలుగున పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో రైలెక్కి, బెజవాడలో మారతాం. మంగళవారం పొద్దున్న దాదరు స్టేషనుకి రండి. మామయ్య గారు బెజవాడ దాటి ఎప్పుడూ వెళ్ళలేదట. గదిని గురించి, సముద్రాన్ని గురించి ఏమీ అడగలేదు. మీరు కాగితం ముందు కూర్చున్నప్పుడు, మాట్లాడకుండా, పక్కన కాసేపు కూర్చోనిస్తారా అని మిమ్మల్ని అడిగి రాయమన్నారు.

సలోమి.